ఆపడానికి ఎంతవుతుంది?

మిషన్ సాఫీగా నడుస్తున్నంతసేపు చేతికి పెద్దగా భయం లేదు. అది మొరాయించినప్పుడే భయం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల మిల్లుల్లో, కార్ఖానాల్లో వేళ్లు పోగొట్టుకున్నవాళ్ల అర్జీలు ఏళ్ల తరబడి రాశాక నాకు తెలిసొచ్చిన సంగతి ఇదే. వడ్లు ఇరుక్కుని ఎలివేటర్ బిగుసుకుంటుంది. పుల్లీ మీది నుంచి పట్టా జారుతుంది. మక్కలు పట్టే మిషన్ నోట్లో కంకులు అడ్డం పడతాయి. ఎవరో ఒకరు "ఒక్క నిమిషం ఆగు" అంటూ చెయ్యి పెడతారు.

కార్మిక కేసులు చూసే ఒక వకీలు దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ని. ప్రమాదం ఎట్లా జరిగిందో రెండు పేరాల్లో రాయడం నా పని. కట్టు కట్టిన చేత్తో వచ్చి కుర్చీలో కూర్చోగానే చాలామంది నోట మొదట వచ్చే మాట ఒకటే: "నాదే తప్పు సార్, నేనే చెయ్యి పెట్టిన." తర్వాత యజమాని తరఫున దాఖలయ్యే జవాబులోనూ అదే, కాస్త కచేరీ భాషలో: సదరు కార్మికుడు తన అజాగ్రత్త వల్ల గాయపడినాడు. దెబ్బ తిన్నవాడూ, జవాబు చెప్పాల్సినవాడూ ఒకే మాట మీదుంటే ఇక విచారించడానికి ఏముంటుంది?

మా సారు మాత్రం విచారించేవాడు. "చెయ్యి ఎందుకు పెట్టినవ్" అని ఆయన ఎవర్నీ అడగ్గా నేను వినలేదు. "మిషన్ ఎందుకు ఆపలేదు బిడ్డా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు ఎదుటివాళ్లు ఒక్క క్షణం తడుముకునేవాళ్లు, వాళ్లను ఆ మాట అప్పటిదాకా ఎవరూ అడగలేదు కనుక. ఆ తర్వాత వచ్చే జవాబుల్లో అజాగ్రత్త కనబడేది కాదు. లెక్క కనబడేది.

వడ్ల మిల్లు సంగతి చూడండి. మిల్లులో వడ్లు కింది నుంచి పైకి, ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు పోయేది ఎలివేటర్ల మీద. నిలువునా రేకు గొట్టం, లోపల బెల్టు, బెల్టుకు వరసగా బిగించిన డబ్బాలు. అడుగున గుంటలో పడ్డ వడ్లను డబ్బాలు ముంచుకుని పైకి తీసుకుపోయి కుమ్మరిస్తాయి. యాసంగిలో చెడగొట్టు వానకు తడిసిన వడ్లు వచ్చినా, గడ్డిపోచలో, సుతిలి తాడో, గన్నీ పేలికో కలిసినా అడుగున బిగుసుకుపోతుంది. అప్పుడు ఎవరో గుంటలోకి దిగాలి. కింద ఉన్న రేకు తలుపు తీసి, బిగిసిన వడ్లు చేత్తో లాగాలి. స్టార్టర్ ఎక్కడుంటుంది? పైన, గోడకు, గుంటలో ఉన్నవాడికి కనబడని చోట.

పోనీ మోటారు ఆపితే ఆపద తప్పిందా అంటే అదీ లేదు. పైకి పోయే వైపు డబ్బాలు నిండి ఉంటాయి, దిగే వైపువి ఖాళీ. కరెంటు తియ్యగానే ఆ బరువుకు బెల్టు వెనక్కి తిరుగుతుంది. అట్లా తిరగకుండా పట్టి ఉంచే బ్యాక్‌స్టాప్ ఉంటే సరే. లేకపోతే, మిషన్ ఆగిందన్న ధైర్యంతో లోపల పెట్టిన చెయ్యి ఆగిన మిషన్‌లోనే నలుగుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. బిగుసుకున్న బెల్టు లాగి వదలడానికి సిద్ధంగా ఉంటుంది. అడ్డం తీసిన మరుక్షణం కదులుతుంది. అడ్డం తీసేది చెయ్యే కదా.

ఒక మిల్లు డ్రైవర్ మా సారుకు చెప్పిన జవాబు నాకిప్పటికీ యాదికుంది. "ఎలివేటర్ ఒక్కటే ఆపుడు ఉండదు సార్, ఆపితే లైన్ మొత్తం ఆగుతది. మళ్ల ఎత్తుకోవాల్నంటే అరగంట. బయట లారీ నిలబడ్డది. హమాలోళ్లు కూసున్నరు. సేటు ఏమనడు, కని మొఖం చూస్తే తెల్వదా?" హమాలీకి సంచి లెక్కన కూలి, లారీకి ట్రిప్పు లెక్కన కిరాయి, మిల్లుకు సర్కారు వడ్లు మరాడించి బియ్యం అప్పజెప్పే సీఎంఆర్ గడువు. అందరి గడియారాలూ కలిసి ఆ గుంటలో ఉన్నవాడి నెత్తిన తిరుగుతుంటాయి. వాడు స్టార్టర్ దాకా ఎక్కిపోయి, ఆపి, మళ్లీ దిగి, తీసి, మళ్లీ ఎక్కితే పోయే సమయం అందరికీ నష్టం. చెయ్యి పెడితే పోయేది వాడి చెయ్యే. ఆ లెక్కను ఎవరూ పైకి చెప్పరు. చెప్పకుండానే అందరికీ తెలుసు.

సిరిసిల్లలో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఒక్కో కార్మికుడు ఎనిమిదేసి, పదేసి సాంచాలు చూస్తాడు, పగలో రాత్రో పన్నెండు గంటలు. కూలి నేసిన బట్ట మీద. అంటే ఆగిన సాంచా వాడి జేబులోంచి ఆగుతుంది. నూలు సేటు ఇస్తే సాంచాలున్న ఆసామి బట్ట నేయిస్తాడు, ఆసామికి కూడా కూలి గీచి గీచి వచ్చేదే, కనుక ఆపమని చెప్పే మనిషి ఆ వరసలో ఎక్కడా లేడు. 2017 నుంచి సర్కారు బతుకమ్మ చీరెల ఆర్డర్లు ఇచ్చిన ఏళ్లలో పని దొరికింది, మంచిదే. పండుగ మాత్రం వాయిదా పడదు, ఆ తేదీ లోపల చీరెలు పోవాల్సి వచ్చేది.

నేత కార్మికుడు ఒకాయన గేరు చక్రాల్లో చూపుడు వేలు, మధ్య వేలు పోగొట్టుకున్నాడు. సారు ఆయన్నూ అదే అడిగాడు. "ఒక్క సాంచా ఆపితే ఏం గాదు సార్. కని పొద్దంత ఏదో ఒకటి మొరాయిస్తనే ఉంటది. అన్నిటికీ ఆపుకుంట కూసుంటే మీటర్లు యాడికెల్లి వస్తయి?" అన్నాడు. తర్వాత కొంచెం గర్వంగా, తెగిన వేళ్ల సంగతి మరిచిపోయినట్టు, తాను భీవండిలో పని నేర్చుకున్నాననీ, అక్కడ సాంచా నడుస్తుండగానే పట్టా ఎక్కించేవాణ్నే పనోడంటారనీ చెప్పాడు. భీవండి, సోలాపూర్‌లకు వలసపోయి అక్కడి కార్ఖానాల్లో చెయ్యి తిరిగిన కుటుంబాలు సిరిసిల్లలో ఎన్నో. పనితో పాటు ఆ మాట కూడా వాళ్లతో వచ్చింది. నడుస్తున్నదాన్ని ఆపకుండా సరిచేయడం పనితనం, ఆపేవాడు కొత్తోడు. ఇట్లాంటి మెప్పు యజమాని ఇచ్చే తాఖీదు కన్నా బలంగా పనిచేస్తుంది, పైగా దానికి సంతకం ఉండదు.

పనితనం ఎంతున్నా శరీరానికి ఒక హద్దుంది. కంటికి కనబడ్డదాన్ని మెదడు గుర్తుపట్టి చేతిని వెనక్కి లాగడానికి మనిషికి సెకనులో నాలుగో వంతు దాకా పడుతుంది. బెల్టు సెకనుకు ఒక మీటరు పోతుందనుకుందాం, అదేమంత వేగం కాదు. చెయ్యి వెనక్కి రావడం మొదలయ్యేలోపు అది 25 సెంటీమీటర్లు పోయి ఉంటుంది. మణికట్టు నుంచి వేలి కొన దాకా పెద్ద మనిషి చెయ్యి సుమారు 19 సెంటీమీటర్లు. ట్రాక్టరు వెనక పీటీఓ షాఫ్టు అంతకన్నా ఘోరం. నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. చీరె కొంగో, చొక్కా చెయ్యో తగిలిన నాలుగో వంతు సెకనులో రెండు చుట్లు చుట్టేస్తుంది. మక్కలు పట్టేకాడ, కొనుగోలు కేంద్రాల్లో వడ్లు తూర్పారపట్టే మిషన్లకాడ పనిచేసేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. గాజులు, కొంగు, జడ. "జాగ్రత్తగా ఉండాలమ్మా" అని చెప్పడం వల్ల చెయ్యి వెనక్కి రావడానికి పట్టే ఆ నాలుగో వంతు సెకను తగ్గదు.

జాగ్రత్త చెప్పేకంటే పంట పెట్టే గొట్టం పొడుగు పెంచడం మేలని మన దేశంలో ఒకసారి ఒప్పుకున్నారు కూడా. నూర్పిడి మిషన్లు వచ్చిన కొత్తలో చేతులు విపరీతంగా పోయాయి. 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసి, నూర్పిడి మిషన్ తయారుచేసేవాళ్ల మీదే బాధ్యత పెట్టింది. భారత ప్రమాణాల ప్రకారం పంట లోపలికి పెట్టే గొట్టం కనీసం 90 సెంటీమీటర్ల పొడవుండాలి, అందులో డ్రమ్ము వైపు 45 సెంటీమీటర్లు పైన మూత ఉండాలి. ఆ కొలత ఎందుకంటే మనిషి చెయ్యి అంత పొడవుండదు. రైతు తాగి ఉన్నా, నిద్రమత్తులో ఉన్నా, కూలీ కొత్తవాడైనా చెయ్యి డ్రమ్ము దాకా పోదు. బుద్ధిచెప్పే పని లేకుండా చేసిన ఏర్పాటు. ఇంత మంచి ఆలోచన మక్క మిషన్ దగ్గరికీ, ఎలివేటర్ గుంట దగ్గరికీ ఎందుకు నడిచి రాలేదో నాకు అంతుబట్టదు.

చేతి తొడుగుల గురించి ఒక మాట. ప్రమాదం జరిగాక కొన్ని మిల్లుల్లో ముందు కొనేవి ఇవే, ఫొటోకు బాగుంటాయి. సంచులు మోసేటప్పుడు, రేకు పట్టేటప్పుడు తొడుగు మంచిదే. తిరిగే షాఫ్టు, రోలరు, గొలుసు దగ్గర అది చేతికి శత్రువు. వేలి చర్మం కన్నా ముందు తొడుగు కొస చిక్కుతుంది, చిక్కాక లోపలున్న వేలితో సహా లాగుతుంది. ఉంగరం సంగతీ ఇంతే.

మరి ఏం చెయ్యాలి? దీని జవాబు కోసం అమెరికా పోనక్కర్లేదు గానీ, అక్కడి సంగతి చెప్పుకోవచ్చు. అక్కడ 1989లో ఒక నియమం పెట్టారు. మిషన్ లోపల చెయ్యి పెట్టేవాడు ముందు కరెంటు తీసి, ఆ స్విచ్చుకు తన తాళం తాను వేసుకోవాలి, తాళం చెవి తన దగ్గరే ఉండాలి. నలుగురు కలిసి పనిచేస్తే నాలుగు తాళాలు. ఆఖరివాడు తన తాళం తీసేదాకా మిషన్ నడవదు. వింటే పెద్ద కంపెనీల భాగోతంలా ఉంటుంది. కానీ మా ఊళ్ల రైతు ట్రాన్స్‌ఫార్మర్ కాడ చేసేది ఇదే. మోటారు వైరు సరిచెయ్యడానికి పోయేవాడు ఫ్యూజు క్యారియర్ ఊడదీసి జేబులో వేసుకుంటాడు. తాను తిరిగొచ్చి పెట్టేదాకా ఇంకెవడూ కరెంటు ఇవ్వలేడు. ఈ తెలివి ఇక్కడ పుట్టి పెరిగిందే. బాయికాడ ఉన్న తెలివి మిల్లుకు వచ్చేసరికి ఎందుకు పోతుందంటే, బాయి తనది, మిల్లు తనది కాదు. ఫ్యూజు తీసి జేబులో వేసుకునే హక్కు మిల్లులో కూలీకి ఎవరూ ఇవ్వలేదు. గోదాముకు మూడు తాళాలు వేసే సేటు స్విచ్చుకు ఒక్క తాళం వెయ్యడు.

కరెంటు కోతలున్న రోజుల్లో ఇంకో ఆపద ఉండేది. కరెంటు పోగానే "ఇదే సందు" అని బిగుసుకున్నదాన్ని తీయడానికి చెయ్యి పెడతారు, కరెంటు వచ్చి మోటారు ఎత్తుకుంటుంది. మంచి స్టార్టర్‌లో కరెంటు పోతే దానంతటదే విడిపోయి, మళ్లీ మనిషి నొక్కితేనే నడిచే ఏర్పాటుంటుంది. కానీ మన పల్లెల్లో బాయిమోటార్లకు ఆటో స్టార్టర్లు అలవాటు. మోటారు తనంతట తానే ఎత్తుకుంటే హాయి, రాత్రి లేచి పోనక్కర్లేదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చాక ఆ ఆటో స్టార్టర్లు తీసెయ్యమని సర్కారు ఊరూరా చెప్పాల్సి వచ్చింది, నీళ్లు వృథా అవుతాయని. మిషన్ తనంతట తానే నడవడం మంచిదనే అలవాటు మాత్రం నీళ్లతో పోయేది కాదు. చెయ్యి పెట్టే సందు ఉన్న ఏ మిషన్‌కూ ఆటో స్టార్టర్ ఉండకూడదు. దీనిలో రెండో మాటకు తావు లేదు.

ఇక అజాగ్రత్త అనే ఆ మాట చట్టంలో ఏమవుతుందో చూద్దాం. కార్మికుల పరిహార చట్టం 1923 నాటిది, 2009 సవరణతో ఉద్యోగుల పరిహార చట్టమైంది, 2020లో చేసిన సామాజిక భద్రత కోడ్‌లో ఆ ఏర్పాటే కలిసింది. దాని ప్రకారం కార్మికుడి అజాగ్రత్త పరిహారాన్ని అడ్డుకోదు. అడ్డుకునేవి మూడే: తాగి ఉండటం, భద్రత కోసం పెట్టిన నియమాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ కవచాన్ని కావాలని తీసెయ్యడం. మనిషి చనిపోయినా, పూర్తిగా పనికి దూరమైనా ఈ మూడూ చెల్లవు. కవచమే లేని మిషన్‌కు కవచం తీసేశాడనే ఆరోపణ ఎట్లా పెడతారు? "నాదే తప్పు సార్" అని ఒప్పుకున్నవాడు కూడా పరిహారానికి అర్హుడే. ఆ సంగతి తెలియక ఎందరో మా గుమ్మం దాకా రాలేదు. ఆస్పత్రి ఖర్చు ఇచ్చి, చేతిలో కొంత పెట్టి, పెద్దమనుషుల మధ్య కాగితం రాయించుకుంటే అయిపోయిందనుకున్నారు.

ఏ వేలికి ఎంతో ఆ చట్టం పట్టికలో ఉంటుంది. బొటనవేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం. దాని పై కణుపు పోతే 20. చూపుడు వేలు 14, మధ్య వేలు 12, ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7. ఎముక పోకుండా చూపుడు వేలి కొస తెగితే 5. నాలుగు వేళ్లూ పోతే 50, చెయ్యి మొత్తం పోతే 60. లెక్క ఇట్లా వేస్తారు. నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే ఒక సంఖ్యతో గుణించాలి, 2020 జనవరి నుంచి లెక్కలోకి తీసుకునే గరిష్ఠ వేతనం 15,000 రూపాయలు. ముప్పై ఏళ్ల వాడికి ఆ సంఖ్య 207.98. గుణిస్తే 18,71,820. అందులో 14 శాతం, అంటే సుమారు 2,62,000 రూపాయలు చూపుడు వేలికి. బొటనవేలికైతే సుమారు 5,61,500. చాలామంది పెద్దమనుషుల మధ్య రాయించుకున్న కాగితం మీది అంకె దీని పక్కన పెట్టి చూసుకుంటే తెలుస్తుంది.

పట్టికలో అంకెలు అందరికీ ఒకటే, పని మాత్రం ఒకటి కాదు. తెగిన దారాన్ని ముడివేసేది బొటనవేలూ చూపుడు వేలూ. ఆ రెండూ లేని నేతగాడికి పట్టిక ఎంత చెప్పినా సాంచా కాడ పనిలేదు. ఇక్కడ 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మా సారు నోటికి ఎప్పుడూ అందుబాటులో ఉండేది. ఒడిశాలో మన తెలుగువాళ్లు కూడా ఉండే జయపురంలో, ఒక సినిమా హాలులో చెక్కపని చేస్తూ వడ్రంగి కింద పడ్డాడు, ఎడమ చెయ్యి తీసెయ్యాల్సి వచ్చింది. పట్టిక లెక్కన అంత శాతం ఇస్తే సరిపోతుందని యజమాని వాదన. ఒంటి చేత్తో వడ్రంగం చెయ్యలేడు కనుక ఇది నూటికి నూరు శాతం నష్టమేనని కోర్టు తేల్చింది. పరిహారం కట్టాల్సిన బాధ్యత ప్రమాదం జరిగిన రోజు నుంచే మొదలవుతుందని కూడా అదే తీర్పులో ఉంది. చట్టం ప్రకారం నెల దాటితే 12 శాతం వడ్డీ, సరైన కారణం చూపకపోతే సగం దాకా జరిమానా. సిరిసిల్ల నేతగాడి కేసులో మేము వాదించింది ఈ తీర్పు మీదే.

ఫ్యాక్టరీల చట్టం వేరు. 1948 చట్టం కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అంది. కదిలే భాగాలకు కంచె ఉండాలంది, నడుస్తున్న మిషన్‌ను ఆడవాళ్లు, పిల్లలు శుభ్రం చెయ్యకూడదంది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. ఎనిమిది సాంచాలు ఒకరి పేర, ఎనిమిది తమ్ముడి పేర నడిచే ఊళ్లో పది మందే దొరకడం కష్టం, ఇరవై మంది ఎక్కడ దొరుకుతారు? చిన్న షెడ్డులో గేరు చక్రం పెద్ద ఫ్యాక్టరీలో చక్రం కన్నా మెత్తగా ఉండదు కదా. దీన్ని నేను వెనకడుగనే అంటాను. పరిహార చట్టానికి మాత్రం ఈ తలల లెక్క లేదు. కరెంటుతో నడిచే తయారీ పని అయితే చాలు. ట్రాక్టరుతో, కరెంటు మిషన్‌తో చేసే వ్యవసాయం కూడా దాని కిందికి వస్తుంది. మక్కలు పట్టేకాడ చెయ్యి పోయిన కూలీ కూడా అడగొచ్చు. ఈఎస్ఐ ఉన్నచోట ఈ చట్టం బదులు ఆ దారిలో పోవాలి.

కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ దిక్కున ఇంకో చెయ్యి ఉంది, అది గల్ఫ్‌లో పోయేది. గోదాముల్లో ఫోర్క్‌లిఫ్ట్ పక్కన హెల్పరుగా, కన్వేయర్ మీద పెట్టెలు సర్దేవాడిగా, క్రేన్ కింద కొక్కెం తగిలించేవాడిగా మన పిల్లలు వేలమంది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడికి లైసెన్సు అడుగుతారు. హెల్పరును ఎవరూ ఏమీ అడగరు. పాలెట్ కొంచెం వంకర పోతే చేత్తో సరిచేసేది హెల్పరే, సరుక్కీ ర్యాక్‌కూ మధ్య చెయ్యి పెట్టేదీ వాడే, డ్రైవరుకు వాడి చెయ్యి కనబడదు. అరబ్బీ రాదు, మలయాళీ ఫోర్‌మన్ హిందీ సగమే అర్థమవుతుంది, "ఆపు" అని అరిచినా ఏ భాషలో అరవాలి? చెయ్యి పోయాక కంపెనీ టికెట్ కొనిచ్చి పంపిస్తే, జగిత్యాలలో దిగిన మనిషి దగ్గర పాస్‌పోర్టు, కట్టు తప్ప ఏ కాగితమూ ఉండదు.

ఆ కాగితాలు అక్కడే తీసుకోవాలి. ఆస్పత్రి రిపోర్టు, కంపెనీ రాసిన ప్రమాద నివేదిక, ఇకామా నకలు. సౌదీలో విదేశీ కార్మికుడి పేర కూడా యజమాని వేతనంలో 2 శాతం వృత్తి ప్రమాదాల కింద గోసీ అనే అక్కడి సామాజిక బీమా సంస్థకు కట్టాలి, కనుక అక్కడ రావాల్సింది ఉంటుంది. ఇక్కడి నుంచి ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టు మీద సక్రమంగా పోయినవాడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి 10 లక్షలు. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. ఏజెంటు మాట విని విజిట్ వీసా మీద ఎగిరిపోయినవాడికి ఇది ఉండదు. వీసాకు లక్షలు కట్టేటప్పుడు ఈ 275 రూపాయల రసీదు ఎక్కడని అడిగిన కుటుంబం నాకు తారసపడలేదు.

చివరికి వేలు తెగనే తెగిందనుకుందాం. ఇక్కడ మనవాళ్ల సొంత వైద్యం ఇంకా చెడగొడుతుంది. పసుపు అద్దుతారు, కాఫీ పొడి కూరతారు, తెగిన వేలిని నేరుగా ఐసు ముక్కల్లో వేసి తెస్తారు. ఐసు తగిలిన చర్మం, రక్తనాళాలు గడ్డకట్టి చచ్చిపోతాయి. చెయ్యాల్సింది ఇంతే. గాయం మీద శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి చెయ్యి పైకెత్తి ఉంచాలి. తెగిన వేలిని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూతికట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచాలి. అట్లా చల్లగా ఉంచిన వేలు 24 గంటల దాకా పనికొస్తుంది, మామూలు వేడిలో 12 గంటలు. కండ ఉన్న భాగం, అంటే మణికట్టు పైన తెగితే ఆ గడువు అందులో సగం. జగిత్యాల నుంచి హైదరాబాద్ నాలుగు గంటల దారి. వేలికి దూరం అంత అడ్డం కాదు, ఐసే అడ్డం.

1963లో షాంఘైలో డాక్టర్ చెన్ జోంగ్‌వే బృందం ఒక ఫ్యాక్టరీ కార్మికుడి తెగిన కుడి చేతిని మళ్లీ అతికించింది. రెండేళ్లకు జపాన్‌లోని నారాలో పూర్తిగా తెగిపడిన బొటనవేలిని అతికించారు. మన పక్కన కోయంబత్తూరులో, మిల్లుల ఊళ్లోనే, గంగా హాస్పిటల్‌లో డాక్టర్ రాజా సభాపతి లాంటివాళ్లు చేతి శస్త్రచికిత్సను ప్రపంచం వచ్చి నేర్చుకునేంత పనిగా పెంచారు. అయితే ఒక చేదు నిజం. అతుకు బాగా పడేది కత్తితో కోసినట్టు తెగిన వేలికి. ఎలివేటర్, రోలరు, గొలుసు నలిపి లాగిన వేలికి చాలాసార్లు అతికించడానికి ఏమీ మిగలదు. మేము కాగితాలు రాసినవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో రకమే.

మిల్లు ఉన్నవాళ్లు, కార్ఖానా ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క పని చెయ్యమంటాను. ఎలివేటర్ గుంటలోకి మీరే దిగండి. సాంచా పక్కన, పట్టా ఎక్కించేచోట మీరే నిలబడండి. అక్కడి నుంచి చెయ్యి చాపితే ఆపే బటన్ అందుతుందా చూడండి. అందకపోతే రేపే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అందేచోట పెట్టించండి, మెయిన్‌కు ఒక తాళం కొనండి, దాని చెవి లోపల చెయ్యి పెట్టేవాడికి ఇవ్వండి. మిషన్ ఆపినందుకు కూలి కొయ్యనని నలుగురి ముందూ ఒకసారి గట్టిగా చెప్పండి. ఇది చెప్పకపోతే పైవన్నీ దండగ.

పనిచేసేవాళ్లకు: ఆస్పత్రిలో చేరేటప్పుడు "పనిలో దెబ్బ తగిలింది" అనే రాయించండి, ఇంటికాడ పడ్డానని కాదు. హాజరు చీటీ, కూలి ఇచ్చిన ఫోన్ మెసేజ్, పక్కన ఉన్నవాళ్ల పేర్లు దగ్గర పెట్టుకోండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వెయ్యకండి. పరిహారం కోసం దరఖాస్తు పెట్టుకోవడానికి గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 2 ఏళ్లు.